బల్ల కింద పిండి

పడవ ఆ గురువారం గంట ముందు వచ్చింది. మధ్యాహ్నానికి గాలి ముదురుతుందని సరంగు చీకటితోనే అవతలి ఒడ్డున బయలుదేరాడు. తనిఖీ షెడ్డు తాళం తీసేసరికి ప్రయాణికులు పసుపు గీత వెనక వరసగా నిలబడి ఉన్నారు. రోజూ షెడ్డు ఊడ్చే పెద్దామె కూడా అప్పుడే వచ్చింది. ఊడవడానికి వేళ లేక చీపురు గోడకు ఆనించి పక్కన నిలబడింది.

తనిఖీ చేసే ఆయనను దీవిలో అందరూ పురుగుల మేష్టారు అంటారు. ఆయన ఎప్పుడూ పాఠం చెప్పినవాడు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో సీసాల్లో పురుగులు పెట్టుకుని బడికి వెళ్ళి పిల్లలకు చూపించాడు. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది.

"చెప్పులు, బూట్లు విప్పండి. అడుగులు బ్రష్షుతో రుద్ది ఈ మందునీళ్ళ తొట్లో ముంచండి. సంచుల్లో గింజలు, పళ్ళు, చెక్క సామాను ఉంటే పైన పెట్టండి."

ఈ మాటలు ఆయన పదకొండేళ్ళుగా ఒకే గొంతుతో చెబుతున్నాడు. కిందటేడు దాకా జనం ఒంటికాలి మీద తూలుతూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని చెప్పులు రుద్దుకునేవారు. ఒక ముసలాయన పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాక మేష్టారు అక్కడ ఒక బల్ల వేయించాడు. ఇప్పుడు అందరూ దాని మీద కూర్చుని తాపీగా రుద్దుకుంటున్నారు.

ఆ రోజు బల్ల మీద మొదట కూర్చున్నది సెలూనాయన. కళ్ళు చూపించుకోవడానికి అవతలి ఒడ్డుకు వెళ్ళి పది రోజులకు తిరిగొచ్చాడు. ఎడమకాలు చిన్నప్పుడే ఎండిపోయింది. చంక కింద కర్ర పెట్టుకుని నడుస్తాడు. ఆ కర్రను బల్లకు ఆనించి, ఉన్న ఒక్క బూటునూ విప్పాడు.

"నాకు సగం పనే మేష్టారూ. మిగతావాళ్ళకి రెండు, నాకు ఒకటి. త్వరగా వదిలేయండి, కొట్టు ముందు జనం జుట్టు పెంచుకుని కూర్చుని ఉంటారు."

వెనక ఎవరో నవ్వారు. ఆయన లేచి కర్ర అందుకున్నాడు. కర్ర ఆనించిన చోట నేల మీద, బల్ల కాలి పక్కన, లేత పసుపు రంగు పిండి కనబడింది. చెంచాడు కూడా ఉండదు. మేష్టారు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నల్ల కాగితం ముక్కతో దాన్ని ఎత్తి భూతద్దం కింద పెట్టాడు. రంపపు పొట్టు కాదు. అంతకన్నా మెత్తన. పురుగు చెక్కను తొలిచి వదిలిన పిండి.

పొరుగు దీవిలో అలాంటి పిండే మొదట ఒక పెట్టె కింద కనబడింది. ఆరేళ్ళకు అక్కడి ఇళ్ళ దూలాలు చేత్తో నొక్కితే బిస్కట్టులా విరిగాయి. ఈ దీవిలో కూడా ఇళ్ళ కప్పులన్నీ చెక్కవే.

"కర్ర ఇటివ్వండి."

"నిలబడేదెట్లా?"

"కూర్చోండి."

కర్ర నున్నగా అరిగిపోయి ఉంది. చంక కింద పెట్టుకునే అడ్డకర్ర మాత్రం కొత్తది, ఇంకా తెల్లగా ఉంది.

"ఇదెక్కడిది?"

"పాతది చీలిపోతే మా అన్నయ్య అక్కడే కొత్తది చేసి బిగించాడు."

అడ్డకర్రలో మేకు పక్కనే గుండుసూది మొన దూరేంత కన్నం ఉంది. మేష్టారు దాన్ని రెండుసార్లు చూశాడు. రిజిస్టరులో రాసుకున్నాడు. రాస్తూనే చెప్పాడు, "కాల్చాలండీ."

సెలూనాయన నవ్వాడు. తరువాత మేష్టారు నవ్వడం లేదని చూశాడు.

"అనుమానం ఆ కొత్తముక్క మీదే గదా. దాన్ని ఊడదీసి కాల్చుకోండి. కింది కర్ర ఇరవై రెండేళ్ళుగా ఈ దీవిలోనే ఉంది. నా చంకలోంచి కదల్లేదు. దానికి పుప్పి పట్టాలంటే ముందు నాకు పట్టాలి."

"రూలు ముక్కలు చెయ్యనివ్వదు. పురుగున్న వస్తువంటే మొత్తం వస్తువే."

"పురుగు కనబడిందా?"

"పిండి కనబడింది."

వరసలో నవ్వు ఆగిపోయింది. సరంగు పడవలోంచి ఏమైందని కేకేశాడు. సెలూనాయన కర్ర వంక చూసి, "ఆ కింద రబ్బరు బుడిపె మొన్ననే వేయించాను. రబ్బరుకి కూడా పురుగు పడుతుందా?" అని అడిగాడు.

మేష్టారు బుడిపెను లాగి, మందునీళ్ళలో ముంచి, తుడిచి ఇచ్చాడు. సెలూనాయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. షెడ్డు వెనక భట్టీ రాజుకోవడానికి పావుగంట పట్టింది. ఆస్పత్రి నుంచి ఎవరో పరిగెత్తి అల్యూమినియం కర్ర ఒకటి తెచ్చారు. అది అడుగేస్తే టకటక చప్పుడు చేసింది. మేష్టారు పిండిలో చిటికెడు సీసాలో పోసి, తేదీ రాసి, బీరువాలో పెట్టాడు. పెద్దామె చీపురు తీసుకుని మిగతాది ఊడ్చేసింది.

*

శనివారం మధ్యాహ్నం మేష్టారు క్రాపు చేయించుకునే రోజు. వెళ్ళకపోతే తప్పు చేసినట్టు ఉంటుందని వెళ్ళాడు. వెళ్ళాక కూడా అలాగే ఉంది.

కొట్లో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకడు వలలు బాగుచేసేవాడు, కుర్చీలో ఉన్నాడు. ఇంకొకడు తన వంతు కోసం పాత పత్రిక తిరగేస్తున్నాడు. సెలూనాయన పని చేసే పద్ధతి దీవిలో అందరికీ తెలుసు. ఒంటి బరువంతా చంక కింది కర్ర మీద వేసి, కర్రను నేలకు కొద్దిగా వాలుగా పెట్టి, దాని చుట్టూ తిరిగేవాడు. రెండు చేతులూ ఖాళీగా ఉండేవి. ఒక చేతిలో దువ్వెన, ఒక చేతిలో కత్తెర. ఇప్పుడా కొత్త కర్రకు చంకలో పట్టు లేదు. మోచేతి కింద పట్టీ, చేతికి పిడి. పిడి పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే. వదిలితే కర్ర పడిపోతుంది.

ఆయన నడుమును కుర్చీ చెయ్యికి ఆనించి కత్తిరిస్తున్నాడు. అటువైపు చెవి దగ్గరకు రావాలంటే మొత్తం దిగి, గెంతి, మళ్ళీ ఆనుకోవాలి. రెండుసార్లు గెంతాడు. మూడోసారి కత్తెర కిందపడింది.

"పోనీలే అన్నా, అటువైపు రేపు చేద్దువుగాని," అన్నాడు వలలవాడు.

"సగం తలతో ఇంటికెళితే మీ ఆవిడ తలుపు తీస్తుందా?"

"తీస్తుంది. నవ్వడానికి."

పత్రిక చదివేవాడు లేచి, ఏదో పనుందని వెళ్ళిపోయాడు. సెలూనాయన వాడు వెళ్ళిన వాకిలి వంక చూసి కత్తెర కోసం వంగాడు. మేష్టారు ముందే వంగి తీసిచ్చాడు.

తన వంతు వచ్చాక మేష్టారు అద్దంలో చూస్తూ కూర్చున్నాడు. తల మీద కత్తెర ఆగి ఆగి నడుస్తోంది.

"ఎత్తు పీట మీద కూర్చుని చేయలేరా?" అని అడిగాడు.

"నిన్న చూశాను. కూర్చుంటే పిల్లల తలలే అందుతున్నాయి. పిల్లలు ఊరికే కదులుతారు. మా మేనకోడలు కొట్టు మూసేసి తన దగ్గరికి వచ్చి ఉండమంటోంది. మామయ్యా, నువ్వు గుమ్మంలో కూర్చుంటే చాలు అంటోంది. గుమ్మానికి నేనెందుకు, కుక్క ఉంది గదా."

మేష్టారు మెడ మీద కత్తి అంచు పెట్టి సెలూనాయన మామూలుగానే అన్నాడు, "కదలకండి. ఇప్పుడు నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

ఇంటికి వెళ్ళాక భార్య చూసి, "ఎడమవైపు కాస్త ఎక్కువ ఉంది," అంది. అని ఊరుకుంది. కత్తెర తెచ్చి సరిచేయబోలేదు.

*

ఆదివారం పడవ రాదు. షెడ్డులో జిగురు అట్టలు మార్చడానికి మేష్టారు ఒక్కడే వెళ్ళాడు. నాలుగు మూలలా కట్టిన అట్టలకు ఈగలు, ఒక సాలీడు తప్ప ఏమీ అంటుకోలేదు. ఆఖరి అట్ట మార్చి వెనక్కి తిరిగేటప్పుడు బల్ల కాలి పక్కన పిండి కనబడింది.

అదే చోటు. అదే రంగు.

నిన్న పడవలో వచ్చినవాళ్ళెవరైనా తెచ్చి ఉండవచ్చు అనుకున్నాడు. అనుకున్నాక రిజిస్టరు తీశాడు. శనివారం చెక్క సామాను ఏదీ రాలేదు. చీపురు తీసుకుని ఆయనే ఊడ్చాడు. బల్ల కింద నల్ల కాగితం పరిచి, నాలుగు కొసల మీద నాలుగు రాళ్ళు పెట్టి, తాళం వేసి ఇంటికి వెళ్ళాడు. భోజనం దగ్గర భార్య ఏదో అడిగింది. రెండోసారి అడిగితేగాని వినబడలేదు.

సోమవారం పెద్దామె కన్నా ముందు వెళ్ళాడు. కాగితం మీద రెండు చిన్న కుప్పలు. ఒకటి కాలి పక్కన, ఒకటి బల్ల నడిమికి సరిగ్గా కింద. రాత్రి గాలి కూడా లేదు. కుప్పల మొనలు చెదరలేదు.

పెద్దామె వచ్చి చీపురు పట్టుకుని నిలబడింది.

"ఊడవమంటారా సారూ?"

"ఆగు. ఈ పిండి ఇంతకుముందెప్పుడైనా చూశావా?"

"రోజూ ఉండేదే గదా."

"రోజూనా? ఎప్పట్నించి?"

"ఎండలు ముదిరినప్పట్నించి. మొదట్లో కొంచెమే పడేది. ఇప్పుడు కాస్త ఎక్కువ."

"మరి నాతో చెప్పలేదేం?"

పెద్దామె ఆయన వంక ఆశ్చర్యంగా చూసింది. "మీరే గదా సారూ, మీరొచ్చేసరికి షెడ్డు అద్దంలా ఉండాలన్నారు. ఉంచాను. ఒక్కరోజే ఊడవలేదు, ఆ రోజు పడవ ముందొచ్చింది. దానికే ఎక్కడ తిడతారోనని భయపడ్డా."

ఆయన తిట్టలేదు. ఇద్దరూ చెరొక వైపు పట్టుకుని బల్లను బోర్లించారు. అడుగున నడిమి పలకలో గుండుసూది కన్నాలు తొమ్మిది ఉన్నాయి. కాలిలో రెండు. పలక అంచున వేలెడు మేర చెట్టు బెరడు తీయకుండానే ఉండిపోయింది. చాకుతో బెరడు లేపితే కింద పిండి, పిండిలో ఎర్రటి గోధుమరంగు పురుగు ఒకటి, బియ్యపు గింజంత. కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు నటించింది.

బీరువాలోంచి గురువారం సీసా తీసి, రెండు పిండ్లూ పక్కపక్కన భూతద్దం కింద పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. ఏ తేడా కనబడినా సంతోషించేవాడు. కర్రలోని కన్నం మేకుదో పురుగుదో చూద్దామంటే కర్ర లేదు. మేకు కన్నం అంచు చిట్లి ఉంటుంది, పురుగు కన్నం గుండ్రంగా ఉంటుంది. గురువారం ఆ అంచు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు.

"ఇది చూడకుండా ఆయన కర్ర కాల్చేశారా సారూ?" అంది పెద్దామె. నిందించినట్టు కాదు, అర్థం చేసుకుందామని.

"అవును."

*

బల్ల చేసింది మేష్టారి బావమరిది. దీవిలో ఉన్న ఇద్దరు వడ్రంగుల్లో ఒకడు. మధ్యాహ్నం ఇంటికి పిలిపిస్తే రంపపు పొట్టు జుట్టుతోనే వచ్చాడు.

"ముద్ర ఉంది కదా బావా. సరుకు పెట్టెల కింద వచ్చిన చెక్క, పురుగు చచ్చేలా వేడిచేసినట్టు ముద్ర చూసి నువ్వే సరే అన్నావు."

"బెరడు ఉందిరా."

"అడుగువైపుకి పెట్టాను. కూర్చునేవాళ్ళకి గుచ్చుకోకూడదని."

"నేనూ పైవైపే చూశాను."

బావమరిది అక్కను చూశాడు. ఆమె చేటలో పప్పు చెరుగుతోంది. "వచ్చేవాడి జేబులో గింజ కూడా వదలరు మీ ఆయన. ఆయన బల్లలోనే కాపురం పెట్టిందా పురుగు?" అన్నాడు వాడు నవ్వబోయి. ఆమె నవ్వలేదు. వాడూ ఆపేశాడు.

పై అధికారితో ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ మేష్టారు కిటికీ రెక్కను గోటితో తడుముతూనే ఉన్నాడు. చెక్క కిటికీ. ఇల్లు కట్టినప్పటిది. అవతలి గొంతు ఇంట్లో అందరికీ వినబడుతోంది.

"బల్ల కాల్చెయ్యండి. కాగితాల్లో ఎందుకు? గురువారం కర్రలో పురుగు దొరికింది, కాల్చాం, ఫైలు మూసేశాం. రేవులోనే ఆపామని మనకి మంచిపేరు కూడా వచ్చింది."

"కర్రలో దొరకలేదండీ. కర్ర పక్కన దొరికింది."

"ఇప్పుడు ఆ తేడా ఎవరికి కావాలి?"

"కర్రతో వచ్చిందంటే రేవులో ఆగిపోయినట్టు. బల్లలో ఉందంటే ఎండాకాలం నుంచీ ఎగిరిపోతోందన్నట్టు. అట్టలు షెడ్డులో కాదు, చుట్టూ ఇళ్ళలో కట్టాలి."

"మీరు రాస్తే నేను ముందు అడగాల్సింది మిమ్మల్నే. ఆ చెక్కకి సంతకం ఎవరిది?"

"నాదే."

"ఆలోచించుకోండి."

ఫోను పెట్టేశాడు. బావమరిది నేల చూపులు చూస్తున్నాడు. "నా పేరు కూడా వస్తుందా బావా?"

"చెక్క సరేనన్నది నేను. నీ పేరు రాయను."

"ఈ ఇంటి దూలం కింద నా మనవలు నిద్రపోతున్నారనుకుని రాయండి," అంది భార్య చేటలోంచి తల ఎత్తకుండా. తరువాత, "మనవలు ఇంకా లేరనుకోండి," అని తనే దిద్దుకుంది.

ఆయన కాగితం తీశాడు. సాయంత్రం దాకా రాశాడు. రెండు పేజీలే. రాసిన మాటలకన్నా కొట్టేసిన మాటలు ఎక్కువ. 'పొరపాటున' అని ఒకచోట రాసి, కొట్టేసి, 'చూడకుండా' అని రాశాడు.

*

మంగళవారం బల్లను కోసి భట్టీలో వేశారు. బెరడు ముక్కను, పురుగును మాత్రం సీసాలో ఉంచాడు. ఈసారి ఉంచాడు. ఆ పనయ్యాక నేరుగా సెలూనుకు వెళ్ళాడు. కుర్చీ ఖాళీగా ఉంది. సెలూనాయన పీట మీద కూర్చుని తోలు పట్టీ మీద కత్తి నూరుతున్నాడు.

మేష్టారు నిలబడే అంతా చెప్పాడు. బల్ల సంగతి, పిండి సంగతి, పెద్దామె రోజూ ఊడ్చిన సంగతి. కత్తి పట్టీ మీద పైకీ కిందికీ ఒకే జోరుతో నడిచింది.

"అయితే నా కర్రకి పురుగు లేదు."

"లేదనే అనుకుంటున్నాను. ఖాయంగా చెప్పలేను. కర్ర లేదు కాబట్టి."

"లేదని నాకు తెలుసు. నేను చెప్పాను గదా."

"చెప్పారు."

"అప్పుడు పదిమందిలో చెప్పారు మీరు, పురుగున్న వస్తువని. ఇప్పుడు ఖాళీ కొట్లో చెబుతున్నారు, లేదని."

మేష్టారు తల ఊపాడు. మరునాడు పడవ వచ్చినప్పుడు, వరసలో ఉన్న ఇరవైమంది ముందు, బూట్లు విప్పండి అనే మాటకు ముందు, ఆయన ఆ సంగతి చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. చెప్పడం అయ్యాక కాసేపు ఎవరూ బూట్లు విప్పలేదు. సరంగు పడవ అంచున నిలబడి మొత్తం విన్నాడు. సాయంత్రానికి దీవి అంతా తెలిసింది. సందుల్లో కొందరు ఆయనను చూసి పలకరించడం మానేశారు. ఒకరిద్దరు తమ గడపలను తట్టి చూసుకుంటూ కనబడ్డారు.

*

శుక్రవారం ఉత్తరువు వచ్చింది. నెలాఖరుకు వేరే అధికారి వస్తాడు. ఈలోగా రేవు నుంచి అయిదువందల అడుగుల లోపు ప్రతి ఇంట్లో, ప్రతి కొట్లో జిగురు అట్టలు కట్టాలి. కట్టవలసింది మేష్టారే.

సంచిలో అట్టలు, మేకులు, సుత్తి, బ్రష్షు, మూతున్న చిన్న తొట్టి పెట్టుకుని బయలుదేరాడు. ఒక ఇంటి దుమ్ము మరో ఇంటికి మోయకూడదు కాబట్టి ప్రతి గుమ్మం దగ్గరా తన బూట్లు తను రుద్దుకోవాలి. మొదటి మూడు ఇళ్ళలోనూ గోడ పట్టుకుని రుద్దుకున్నాడు. నాలుగోది సెలూను. దాని ముందు గోడ లేదు, రెండువైపులా తీసిన తలుపులే.

లోపల బావమరిది ఉన్నాడు. చేతిలో కొలతల టేపు, చెవి మీద పెన్సిలు. మేష్టారును చూసి కొంచెం తడబడ్డాడు.

"కర్ర చేసిస్తానని వచ్చాను బావా. ఇక్కడి చెట్టు చెక్కే. ఒద్దంటున్నాడు."

"ఒద్దనలేదు. ఇప్పుడొద్దన్నాను," అన్నాడు సెలూనాయన. "మేష్టారూ, ఆ అట్టలు ఎన్నాళ్ళు చూస్తారు?"

"నలభై రోజులు."

"నలభై రోజులు అందులో పురుగు పడకపోతే అప్పుడు చేయించుకుంటాను. పడితే, ఆ చెక్కలో కూడా దూరి ఉండొచ్చు. చేసిన కర్రని మళ్ళీ మీరొచ్చి పట్టుకుపోతారు. ఒకసారి చాలు."

"ఇక్కడి చెక్కకి రూలు లేదండీ. చేయించుకోవచ్చు."

"మీకు లేదేమో. నాకుంది."

గోడకు అద్దం పక్కన మేకు ఒకటి ఉంది. దానికి రబ్బరు బుడిపె తగిలించి ఉంది. సెలూనాయన దాన్ని చూపించి, "అట్ట కూడా దాని పక్కనే కట్టండి. రోజూ కనబడుతుంది," అన్నాడు.

లోపలికి రావడానికి మేష్టారు ఒక కాలు ఎత్తి బూటు అడుగు రుద్దబోయాడు. పట్టుకోవడానికి ఏమీ లేదు. తలుపు రెక్క పట్టుకోబోతే అది ఊగింది. తూలి, కాలు దించి, మళ్ళీ ఎత్తాడు. బావమరిది సాయానికి కదిలాడు. సెలూనాయన వాడిని చేత్తో ఆపాడు. కుర్చీకి నడుము ఆనించి, మోచేతి పట్టీ లోంచి అల్యూమినియం కర్ర తీసి, గుమ్మం దాకా చాచాడు.

మేష్టారు దాన్ని పట్టుకున్నాడు. చంకకు అందలేదు, పిడి చేతిలో చల్లగా ఉంది. దాని మీద బరువు వేసి బూటు విప్పి, అడుగు రుద్ది, తొట్లో ముంచి, తుడిచాడు. మళ్ళీ తొడుక్కుని కర్ర తిరిగి ఇవ్వబోయాడు.

సెలూనాయన తీసుకోలేదు.

"రెండోది," అన్నాడు. "మీకు రెండున్నాయి."